కోఠీ దొర కథ: ఒక సంధి, ఒక నిఖా

హైదరాబాదులో చదువుకునే ప్రతి విద్యార్థికీ కోఠీ తెలుసు. పాత పుస్తకాలు బేరమాడేది అక్కడే, బస్సు మారేదీ అక్కడే. కోఠీ అంటే పెద్ద బంగళా. ఆ బంగళా ఇప్పటికీ ప్రహరీ వెనక, చెట్ల మధ్య నిలబడి ఉంది. ఎత్తైన స్తంభాలు, విశాలమైన మెట్లు, మెట్ల దగ్గర కాపలా కూర్చున్న రెండు సింహాలు. 1949 నుంచి అది ఆడపిల్లల కాలేజీ. ఈమధ్యనే మహిళా విశ్వవిద్యాలయమైంది. అంతకు ముందు నూట నలభై ఏళ్లకు పైగా అది బ్రిటిషు రెసిడెన్సీ. సూటిగా చెప్పాలంటే, నిజాం నెత్తిన ఇంగ్లీషువాళ్లు కూర్చున్న చోటు.

దాన్ని కట్టించిన మనిషి పేరు జేమ్స్ ఆకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఆయన కథను చాలామంది ప్రేమకథగానే చెబుతారు. ఒక తెల్లదొర, ఒక నవాబుల ఇంటి అమ్మాయి, అడ్డొచ్చిన మతం, పగబట్టిన పెద్దలు. సినిమాకు కావలసిన సరుకంతా ఉంది. కానీ ఆ కథను మొదటినుంచీ చివరిదాకా చదివితే నాకు తోచింది వేరు. ఆ ప్రేమకు అసలు అడ్డం మతమూ కాదు, పెద్దలూ కాదు. ఆ దొర పగలు చేసిన ఉద్యోగమే, రాత్రి ఆయన ఇంటి దీపాన్ని ఆర్పింది.

బి.ఎస్సీ చదివేవాడికి ఈ నవాబుల గొడవ ఎందుకని మా రూములో అందరూ నవ్వారు. కారణం ఉంది. మాది అనంతపురం జిల్లా. వాన పడితే వేరుశనగ, పడకపోతే అప్పు. మా వైపు మన్రో దొర పేరు వినని ముసలివాళ్లు ఉండేవారు కాదు. రైత్వారీ పెట్టి, పొలాలు కొలిపించి, రైతు పేరున శిస్తు కట్టిన కలెక్టరు ఆయన. ఆయన మీద భక్తితో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న సంగతి మా జేజినాయన చెప్పేవాడు. అయితే ఆ మన్రో చేతికి మా నేల ఎట్లా వచ్చింది? 1800 అక్టోబరు 12న నిజాంకూ కంపెనీకీ ఒక సంధి జరిగింది. కంపెనీ పటాలాల ఖర్చుకింద, టిప్పు సుల్తానునుంచి తన వాటాకు వచ్చిన నేలను నిజాం కంపెనీకి వదిలేశాడు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు వైపు సీమలవి. అందుకే మమ్మల్ని చాలాకాలం దత్తమండలాలవాళ్లని పిలిచారు; రాయలసీమ అనే పేరు 1928లో గాని రాలేదు. ఆ సంధిని కంపెనీ తరఫున నడిపించి సంతకం చేసినవాడు కిర్క్‌పాట్రిక్. అంటే మా తాతల నేలను చేతులు మార్పించిన మనిషే ఈ ప్రేమకథలో నాయకుడు. నా ఆసక్తి అక్కడ మొదలైంది.

కిర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసులో పుట్టాడు. తండ్రి కంపెనీ సైన్యంలో కర్నల్. చదువుకోసం చిన్నతనంలోనే ఇంగ్లండు పంపారు; పదిహేనో ఏట కంపెనీ సైన్యంలో చేరడానికి మళ్లీ మద్రాసులో దిగాడు. చాలాకాలం పెద్దగా పైకి రాలేదు. అన్న విలియం హైదరాబాదులో రెసిడెంటుగా ఉండటంవల్ల ఆయనకు సహాయకుడుగా వచ్చాడు. అన్నకు జబ్బు చేసి వెళ్లిపోగా, 1797లో తాత్కాలికంగానూ, 1798లో ఖాయంగానూ ఆ కుర్చీ తమ్ముడికి దక్కింది.

అప్పటి హైదరాబాదు పరిస్థితి ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. నిజాం అలీఖాన్ ముసలివాడయ్యాడు. 1795లో ఖర్డా దగ్గర మరాఠాల చేతిలో ఓడిపోయి దిగులుగా ఉన్నాడు. ఆయన సైన్యంలో బలమైన భాగం ఫ్రెంచివాడు రేమండ్ తయారుచేసిన పటాలాలు, సుమారు 14,000 మంది. మూసారాంబాగ్ అనే పేరులో ఇప్పటికీ వినిపించేది ఆ రేమండే అంటారు. ఫ్రెంచివాళ్లూ టిప్పూ చేతులు కలుపుతారని కంపెనీకి భయం. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరు 1న కిర్క్‌పాట్రిక్ నిజాంతో సంధి కుదిర్చాడు: ఫ్రెంచి అధికారులను పంపెయ్యాలి, వాళ్ల స్థానంలో కంపెనీ పటాలాలుండాలి, ఖర్చు నిజాం భరించాలి. అక్టోబరులో ఆ ఫ్రెంచి సైన్యాన్ని చుట్టుముట్టి, రక్తం చిందకుండానే ఆయుధాలు కింద పెట్టించారు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఎంతో సంతోషించాడు. ముప్పైనాలుగేళ్ల కిర్క్‌పాట్రిక్ ఒక్క దెబ్బతో పెద్దవాడైపోయాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈయన మిగతా దొరల్లాంటివాడు కాడు. పారశీ, హిందుస్తానీ ధారాళంగా మాట్లాడేవాడు. ఇంట్లో హైదరాబాదీ దుస్తులు వేసుకునేవాడు. హుక్కా, తాంబూలం, ముషాయిరాలు, తోటలు, ఇవన్నీ ఆయనకు ఇష్టం. దర్బారు మర్యాదల్లో పుట్టి పెరిగినవాడికి మల్లే మసిలేవాడు. నిజాం ఆయనకు హష్మత్ జంగ్ అని బిరుదిచ్చి కొడుకులాగా చూసుకున్నాడు. ఊరిని ప్రేమించినవాడికే ఊరి తాళంచెవి తేలిగ్గా దొరుకుతుంది. కంపెనీకి ఆయన అంతగా పనికొచ్చింది అందుకే.

ఆ విజయం నాటి రోజుల్లోనే ఖైరున్నిసా కథ మొదలైంది. ఆమె సయ్యదుల బిడ్డ. ప్రవక్త వంశమని చెప్పుకునే ఇల్లు. ఆడపిల్లను పరాయి మతంవాడికివ్వడం మాట అటుంచి, పరాయివాడి కంట పడనివ్వరు. ఆమె తాత బాకర్ అలీఖాన్. నిజాం కొలువులో ఉంటూ కంపెనీ పటాలాల జీతభత్యాల వ్యవహారం చూసే పెద్దమనిషి ఆయన. ఆ తాతకు దగ్గరి బంధువు మీర్ ఆలం. నిజాం తరఫున ఇంగ్లీషువాళ్లతో మాట్లాడే వకీలు. అంటే ఆ ఇంటి గడప దాకా దొరను తెచ్చింది కంపెనీ స్నేహమే. 1798 చివర ఆ ఇంట్లో జరిగిన పెళ్లి సంబరాల్లో, ఖైరున్నిసా తెర వెనకనుంచి ఆయన్ను చూసిందని చెబుతారు. ఆమెకు అప్పటికే ఇంకో నవాబు ఇంట సంబంధం కుదిరి ఉంది. అది చేసుకోనని ఆమె పట్టుబట్టింది. తల్లి షరఫున్నిసా, అమ్మమ్మ ఆమె పక్షాన నిలిచారు. జనానాలో ఆడవాళ్లు నిర్ణయించుకున్న సంగతి మగవాళ్లకు తర్వాత తెలిసింది.

పెళ్లినాటికి ఆమెకు పధ్నాలుగో పదిహేనో ఏళ్లు, ఆయనకు ముప్పై ఆరు. ఆ కాలానికి అది వింత కాకపోవచ్చు. ఇవాళ్టి చట్టం ప్రకారం అది బాల్యవివాహం. మనం ఈ కథకు ముచ్చట పడేముందు ఆ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి. కిర్క్‌పాట్రిక్ ఇస్లాం స్వీకరించి, ఆమెను నిఖా చేసుకున్నాడు. 1801 మార్చిలో కొడుకు పుట్టాడు. సాహెబ్ ఆలం అన్నారు. 1802 ఏప్రిల్‌లో కూతురు, సాహెబ్ బేగం.

ఈ పెళ్లి సంగతి ఆయన తన పైవాళ్లకు చెప్పలేదు. అన్నకు రాసిన ఉత్తరాల్లో కొంత చెప్పి కొంత దాచాడు. ఊళ్లో గుసగుసలు పుట్టాయి, అవి కలకత్తా చేరాయి. దత్తమండలాల సంధి ఒకవైపు, ఈ విచారణలు మరొకవైపు, రెండూ ఒకే ఏడాది ఆయన బల్లమీద ఉన్నాయి. 1801లో మద్రాసు గవర్నరు లార్డ్ క్లైవ్ ఇద్దరు సైనికాధికారులను పిలిపించి ప్రమాణం చేయించి సాక్ష్యం తీసుకున్నాడు. కంపెనీ అనుమానం ప్రేమ మీద కాదు. ఆ పిల్లను అడ్డం పెట్టుకుని నిజాం దివాను అరిస్తూ జా, సంధి షరతుల్లో రెసిడెంటును లొంగదీసుకున్నాడేమోనని వాళ్ల శంక. ఎట్లాగో గండం గడిచి ఉద్యోగం నిలిచింది.

ఇందులో వింత చూడండి. అన్ని అనుమానాల మధ్య ఆయన కుదిర్చిన ఆ సంధి కంపెనీకి ఇంచు నష్టం చెయ్యలేదు. జిల్లాలకు జిల్లాలే రాసిచ్చింది. అత్తవారి ఊరి మీద అంత ప్రేమ ఉన్న అల్లుడు, అత్తవారి రాజ్యంలో అంత నేలను తన కంపెనీకి ఇప్పించాడు. ఆయన ద్రోహి అని కంపెనీ శంకించింది గాని, శంకించవలసింది నిజాం!

కెమిస్ట్రీలో ఉత్ప్రేరకం అంటాం. చర్యను జరిపిస్తుంది, తాను మాత్రం మారకుండా మిగులుతుంది. కిర్క్‌పాట్రిక్ అలా మిగలగలననుకున్నాడేమో. రెండు పక్షాల మధ్య సంధులు కుదుర్చుతూ, తన ఇల్లు మాత్రం ఏ పక్షానికీ చెందకుండా ఉంటుందనుకున్నాడు. కొంతకాలం ఉన్నట్టే కనబడింది కూడా. 1803 ప్రాంతంలో కొత్త రెసిడెన్సీకి పని మొదలైంది. నమూనా గీసినవాడు మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్, సొమ్ము నిజాంది. ముందు భాగం దొరల దర్పానికి. వెనక భాగంలో ఖైరున్నిసా కోసం రంగమహల్ అనే జనానా. పరదాలో ఉండే ఆమె భవనం ముందుభాగాన్ని చూడలేదు గనుక, ఆ భవనాన్నే చిన్న బొమ్మగా తోటలో కట్టించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజమైనా కాకపోయినా ఆ బొమ్మ భవనం మాత్రం నిజం, ఇప్పటికీ ఉంది. ఒకే ఇంట్లో ముందు గదుల్లో ఏం జరుగుతుందో వెనక గదులకు తెలియకుండా కట్టిన ఇల్లది. ఆయన జీవితమూ అలాంటిదే.

రోజులు మారాయి. 1803లో నిజాం అలీఖాన్, 1804లో అరిస్తూ జా పోయారు. ఈ పెళ్లివల్ల పరువు పోయిందని రగిలిపోతూ, కొలువునుంచి బహిష్కృతుడై ఉన్న మీర్ ఆలం, కంపెనీ అండతో దివాను అయ్యాడు. వెల్లస్లీ పద్ధతులు కిర్క్‌పాట్రిక్‌కు మింగుడుపడటం మానేశాయి. స్నేహం పేరుతో లొంగదీస్తున్నారని ఆయనకు తెలిసిపోయింది. కాని ఆ స్నేహపు పత్రాలన్నీ ఆయన చేతిమీదుగా జరిగినవే.

పిల్లల భవిష్యత్తు దగ్గర ముడి గట్టిగా బిగిసింది. 1791లో, కారన్‌వాలిస్ గవర్నర్ జనరల్‌గా ఉండగా, కంపెనీ ఒక నిబంధన పెట్టింది. తల్లిగాని తండ్రిగాని ఇక్కడివారైతే ఆ బిడ్డకు కంపెనీ సివిల్, సైనిక ఉద్యోగాలు లేవు. కంపెనీ ఎంత బలపడితే ఆ గీత అంత లోతుగా పడింది. కిర్క్‌పాట్రిక్ తన తెలివితో బలపరిచిన కంపెనీలో ఆయన కొడుక్కే చోటు లేదు. ఇక ఒకటే దారి: తెల్లవాళ్లుగా పెంచడానికి ఇంగ్లండులో తాత దగ్గరికి పంపడం. తల్లి ఎంత ఏడ్చి ఉంటుందో మనం ఊహించుకోవలసిందే. 1805లో పిల్లలను మద్రాసు తీసుకువెళ్లారు. అక్కడ జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు హైదరాబాదీ దుస్తుల్లో అన్నాచెల్లెళ్ల బొమ్మ గీశాడు. ఆ దుస్తులు వాళ్లు వేసుకున్న ఆఖరి రోజులవి. సెప్టెంబరులో ఓడ ఎక్కారు. అన్నకు నాలుగున్నరేళ్లు, చెల్లెలికి మూడున్నర. మరుసటి సంవత్సరం లండనులో బాప్తిస్మం ఇచ్చి, ఒకరిని విలియం జార్జ్ అనీ, ఇంకొకరిని కాథరీన్ అరోరా అనీ అన్నారు.

కిర్క్‌పాట్రిక్ మద్రాసునుంచి కలకత్తా ఓడెక్కాడు. మళ్లీ గవర్నర్ జనరల్‌గా వచ్చిన కారన్‌వాలిస్ పిలిపించాడు. వెల్లస్లీ దూకుడుకు కళ్లెం వేస్తాడని ఆశ. అప్పటికే ఒంట్లో బాగాలేదు. ఆయన కలవబోయిన కారన్‌వాలిస్ అక్టోబరు 5న గాజీపూరులో చనిపోయాడు. పది రోజుల తర్వాత, 1805 అక్టోబరు 15న, కలకత్తాలో కిర్క్‌పాట్రిక్ కూడా చనిపోయాడు. నలభై ఒక్క ఏళ్లు. భార్య ఒక ఊళ్లో, పిల్లలు సముద్రం మీద, తను మరో ఊళ్లో. పిల్లలను దూరం చేసిన నిబంధన ఎవరి కాలంలో వచ్చిందో, ఆయన పిలుపు మీదే వెళ్లి ప్రాణం విడిచాడు. ఏ కవి అయినా ఇలా రాస్తే అతి చేశాడనేవాళ్లం.

ఆయన కథ అక్కడ ఆగినా ఆయన చేసిన పనుల కథ ఆగలేదు. ఖైరున్నిసా, తల్లిని వెంటబెట్టుకుని, సమాధి చూడటానికి కలకత్తా దాకా వెళ్లింది. అక్కడ భర్త కింద పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆమెను ఓదార్చాడు, దగ్గరయ్యాడు. తిరిగి హైదరాబాదు రావడానికి మీర్ ఆలం ఒప్పుకోలేదు. కంపెనీ నిలబెట్టిన దివాను, కంపెనీ రెసిడెంటు భార్యను సొంత ఊళ్లోకి రానివ్వలేదు, కంపెనీ మాట్లాడలేదు. ఆమె బందరులో ప్రవాసం ఉంది. రస్సెల్ మద్రాసులో వేరే అమ్మాయిని పెళ్లాడాడు. మీర్ ఆలం పోయాకగాని ఆమె హైదరాబాదు చేరలేకపోయింది. 1813 సెప్టెంబరులో, ఇరవై ఏడో ఏట చనిపోయింది. అప్పుడు రెసిడెన్సీలో రెసిడెంటుగా కూర్చుని ఉన్నది ఆ రస్సెలే. ఆమె కోసం కట్టిన రంగమహల్‌ను తరువాతి దొరలు కూలగొట్టించారు. తమ పూర్వీకుడి ఇంట్లో జనానా ఉండేదన్న గుర్తు వాళ్లకు నచ్చలేదు.

కొడుకు చిన్నప్పుడు మరిగే నీళ్ల ప్రమాదంలో చెయ్యి పోగొట్టుకుని, 1828లో పోయాడు. కూతురు కిట్టీ బతికింది. కార్లైల్ యువకుడుగా ఆమెను చూసి ముగ్ధుడయ్యాడనీ, సార్టార్ రిసార్టస్‌లోని బ్లూమిన్ ఆమేననీ ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్లు చెబుతారు. నలభై ఏళ్లు దగ్గరపడ్డాక, హెన్రీ రస్సెల్ ఇంట్లో గోడకు వేలాడుతున్న చిన్నరీ బొమ్మలో తనను తాను చూసుకుని ఆమె ఏడ్చింది. అదే రోజుల్లో, 1841లో, హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నిసా ఇంకా బతికే ఉందని తెలిసి ఉత్తరాలు మొదలుపెట్టింది. ఒకరిది ఇంగ్లీషు, ఒకరిది పారశీ, మధ్యలో అనువాదకులు. అమ్మమ్మ తన బిడ్డ జుట్టు ఒక పాయ దాచిపెట్టి మనవరాలికి పంపింది. వాళ్లు మళ్లీ కలుసుకోలేదు. ముసలామె 1847లో, కిట్టీ 1889లో పోయారు.

ఇదంతా చదివాక దొరమీద కోపమా జాలా అని అడిగితే నేను తేల్చి చెప్పలేను. మా నేల విషయంలో కోపం. ఆ ఓడ విషయంలో జాలి. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనంతో వచ్చి ఆ రెసిడెన్సీ మీదే తిరగబడ్డారు. వాళ్ల కోపం న్యాయమే. ఆ గోడల వెనక ఒకప్పుడు ఇద్దరు పిల్లలు ఉర్దూలో అల్లరి చేశారన్నదీ నిజమే.

ఇది రెండు వందల ఏళ్లనాటి ముచ్చట మాత్రమే అయితే ఇంత రాయనక్కరలేదు. మా వైపు ఒక పెద్ద రైతు, తన ఊరికి హైస్కూలు రావాలని రోడ్డు పక్క సొంత స్థలం రాసిచ్చాడు. ఆ బడిలో చదివి పైకొచ్చిన ఆయన కూతురు, ఉద్యోగం వచ్చాక, అదే బడిలో చదివిన ఇంకో కులం అబ్బాయిని పెళ్లి చేసుకుంది. ఆయన తలుపు వేసేశాడు. ఇప్పటికీ తియ్యలేదు. ఊళ్లో కులం కట్టు తప్పకూడదని నలభై ఏళ్లు పంచాయితీల్లో తీర్పులు చెప్పిన మనిషి. తీర్పు తన ఇంటికి వచ్చేసరికి మార్చుకునే వీలు లేకుండా పోయింది. బడి గంట మాత్రం రోజూ ఆయన అరుగు మీదికి వినబడుతుంది.

కిర్క్‌పాట్రిక్ కథలో నాకు అర్థమైంది ఇదే. ప్రేమకు గోడలు కట్టేది ఎప్పుడూ ఎదుటివాళ్లేనని మనం అనుకుంటాం. చాలాసార్లు ఆ గోడకు రాళ్లు మోసినవాళ్లలో మనమూ ఉంటాం. కూలి తీసుకుని, మంచి పనివాడనిపించుకుని. ఆయన మంచివాడే, ప్రేమించినవాడే. అయినా ఉద్యోగం వేరు, ఇల్లు వేరు అనుకున్నాడు.

మిత్రులారా, ఈ సావనీరు మీ చేతికి వచ్చేనాటికి మనలో చాలామంది పరీక్షలు రాసి ఉంటాం. రేపు ఆఫీసుల్లో చేరతాం, ఊళ్లలో పెద్దమనుషులమవుతాం, ఎన్నో కాగితాల మీద సంతకాలు పెడతాం. పెట్టేముందు ఒక్కసారి చదువుదాం. అది ఎవరి నేల మారుస్తుందో, ఎవరి పిల్లలను ఓడ ఎక్కిస్తుందో చూద్దాం. ఆ పిల్లలు మన పిల్లలు కారని ముందే ఎవరూ చెప్పలేరు.